దీపం దిగని బావి

మొన్న మా మనవడు స్నానాలగదిలో కొత్త గీజరు బిగించుకుని, దాంతోపాటు వచ్చిన పుస్తకం తెరిచాడు. మొదటి రెండు పుటలూ హెచ్చరికలే. "ఇవన్నీ ఎవరు చదువుతారు నానమ్మా!" అని చప్పున తిప్పేసి మీట మీద చెయ్యి వేయబోయాడు. నేను పెట్టిన కేకకు వంటింట్లోంచి కోడలు పరుగెత్తుకొచ్చింది. ముసలిదానికి చాదస్తం ముదిరిందని ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. చూసుకోనీ. ఆ రెండు పుటలూ వాడి చేత పైకి చదివించేదాకా నేను అక్కణ్ణించి కదల్లేదు.

మా నాయనకు ఉదయగిరిలో ఇనుప సామాన్ల అంగడి ఉండేది. బొక్కెనలు, గిలకలు, మోకులు, తాళాలు అమ్మేవాడు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో గల్లాపెట్టె మీద కాగితాలు పరుచుకుని, మద్రాసులో అచ్చయ్యే ఒక మాసపత్రికకు వ్యాసాలు రాసేవాడు. కథలూ పద్యాలూ కాదు, పనులు. కారే మిద్దెను ఎలా బాగుచేసుకోవాలి, నిమ్మకు అంటు ఎలా కట్టాలి, పెట్రోమాక్సు లైటు అలిగితే ఎలా బుజ్జగించాలి. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసేవాడే గానీ, అది బళ్ళో పాఠంలా ఉండేది కాదు. "ఇప్పటికి మీ చేతులు మసి అయివుంటాయి, భయపడకండి, నావీ అంతే" అని మధ్యలో ఒక మాట విసిరేవాడు. జన్మలో సుత్తి పట్టనివాడికి కూడా అది చదివితే చేతులు ఊరుకునేవి కావు. "చదివేవాడి చెయ్యి ఆగకూడదమ్మా. ఆగిందంటే పత్రిక మొహాన కప్పుకుని నిద్రపోతాడు" అనేవాడు నాతో.

రాసిందల్లా ముందు మా అమ్మకు వినిపించేవాడు. ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ వినేది. పొగడటం ఆమెకు చేతకాదు, ఆవలించడం మాత్రం వచ్చు. ఆమె ఎక్కడ ఆవలిస్తే అక్కడి ముక్కను నాయన కలం అడ్డంగా కొట్టేసేది. మద్రాసు ఎడిటరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మా అమ్మ నోరు ఒప్పుకోవాలి. పెళ్ళి కాకముందు ఈ వేడుక చూసి నేను తెగ నవ్వుకునేదాన్ని.

నన్ను ఆత్మకూరులో బట్టల అంగడి వాళ్ళింటికి ఇచ్చారు. వాళ్ళ పెరట్లో ఎప్పుడో బండలు పరిచి మూసేసిన పాత బావి ఒకటి ఉండేది. నేను కాపురానికి వచ్చిన రెండో వేసవిలో ఊళ్ళో నీళ్ళకు కటకట వచ్చింది. సరిగ్గా ఆ నెల పత్రికలోనే, మూతబడ్డ బావిలో పూడిక తీసుకోవడం గురించి మా నాయన వ్యాసం వచ్చింది. మామగారు అది చదివి ముచ్చటపడిపోయారు. "మీ నాయన పక్కనుండి చేయించినట్టే రాసినాడమ్మా. ఇంక కూలోళ్ళు ఎందుకు మనకు?" అన్నారు. గజంబద్ద తప్ప ఇంకేదీ ఎత్తి ఎరగని మా ఆయన అప్పటికే పంచె ఎగగట్టారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఉదయగిరిలో మూసిన బావిలోకి మనిషికన్నా ముందు దీపం దిగుతుంది. బొక్కెనలో లాంతరు పెట్టి అడుగుదాకా దించి, గట్టున కూర్చుని బీడీలు కాలుస్తూ చూస్తారు. దీపం ఆరిపోతే లోపల చెడుగాలి ఉన్నట్టు. ఇక ఎవరూ దిగరు. వేపమండలు మోకుకు కట్టి పైకీ కిందికీ ఆడించి, మళ్ళీ దీపం దించుతారు. ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన పని ఇది. చెరువు నీళ్ళతో బతికిన మా అత్తవారికి మాత్రం బావి దిగే అలవాటే లేదు.

ఆ ఉదయం నేను వంటింట్లో ఉన్నాను. పెరట్లో బండలు జరిపిన చప్పుడు, ఆ వెనకే కుళ్ళిన ఆకుల వాసన వచ్చాయి. మామగారు వ్యాసం పైకి చదువుతున్నారు. మోకు నడుముకు ఎలా కట్టుకోవాలో చదివారు. పైన ఎవరెవరు పట్టుకోవాలో చదివారు. ఇక దీపం మాట వస్తుందని పోపు వేస్తూ చెవి అటే పెట్టాను. నాయన రాసిన హాస్యపు ముక్క ఏదో వచ్చింది, అందరూ నవ్వారు. ఆ తర్వాత గిలక కిర్రుమంది. పోపు మాడుతున్నా వదిలేసి పెరట్లోకి పరుగెత్తాను.

"మామా, దీపం దించినారా?"

"ఏ దీపమమ్మా? మీ నాయన రాయలేదే!"

బావిలోంచి మా ఆయన గొంతు వినబడింది. "మట్టి మెత్తగా ఉండాది నాయనా" అన్నారు. నేను బావి ఒరమీద వంగి పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. నా గొంతే నాకు తిరిగొచ్చింది. "లాగండి!" అని అరిచాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదలు. మోకు పట్టుకున్న అంగడి మనుషుల్లో ఒకడు తను దిగి చూస్తానని ఒర ఎక్కబోతే, చొక్కా పట్టి వెనక్కి లాగాను. అందరం కలిసి లాగాం. తల ఒక పక్కకు వాలిపోయి, పెదవులు నీలంగా మారి ఆయన పైకి వచ్చారు. మట్టి మీద పడుకోబెట్టి గాలి విసిరితే, ఎప్పటికో ఒక దగ్గు వచ్చింది. ఆ దగ్గు కన్నా తియ్యని చప్పుడు నేను ఇంతవరకూ వినలేదు.

సంగతి తెలిసి నాయన సాయంత్రం బస్సుకు వచ్చాడు. అల్లుడి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తర్వాత నాకేసి చూడకుండా, "రాసినానమ్మా. దీపం మొట్టమొదటే రాసినాను. అక్కడ మీ అమ్మ ఆవలించింది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా పసుపుకుంకుమలు ఒక ఆవలింతకు పోబోయాయా అనిపించింది. నిదానంగా ఆలోచిస్తే, పుట్టినప్పటి నుంచీ చూస్తున్న దీపంలో ఆమెకు వింత ఏముంటుంది?

మా ఆయన లేచి మజ్జిగ తాగినా నాయన మొహం తేటపడలేదు. "ఆ పత్రిక మీ ఒక్కింటికే రాలేదు కదమ్మా" అన్నాడు. అప్పుడు తట్టింది నాకు. ఊరూరా బావులు ఎండి, పూడికలు తీసే రోజులవి. మద్రాసుకు తంతి కొడితే, దిద్దుబాటు వచ్చే నెల సంచికలో వేస్తామని జవాబు వచ్చింది. నాయన అంగడి మూసేసి వింజమూరు, వరికుంటపాడు, చేజర్ల తిరిగాడు. బస్సు ఆగిన చోటల్లా ఆ పత్రిక చదివేవాళ్ళు ఎవరని అడిగి, దీపం సంగతి చెప్పాడు. కొందరు పిచ్చివాడనుకున్నారు. కానీ ఆ పత్రిక ఆయన కాళ్ళూ, బస్సులూ పోలేని ఊళ్ళకు కూడా పోయేది.

అన్నట్టే దిద్దుబాటు ఒక మూల చిన్న అక్షరాల్లో పడింది. ఎక్కడా ఏమీ జరిగినట్టు మాకు కబురు రాలేదు. "రాలేదంటే ఏమీ కాలేదనే కదా నాయనా" అన్నాను ఒకసారి. "బావిలో పోయినోడు నాకు కార్డు ముక్క రాస్తాడా?" అన్నాడు. ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికాడు. వేసవులు వచ్చి పోయాయి, బావుల్లో నీళ్ళు పడ్డాయి, ఆ పత్రిక కూడా మూతబడింది. అందరికీ ఎప్పుడో అయిపోయిన ఆ ఒక్క నెల, మా నాయనకు మాత్రం కన్నుమూసేదాకా గడవలేదు.