శైలజ మిషన్‌కి వచ్చిన రెండో మూట

మా అక్క కూతురు శైలజ డిగ్రీ చివరి పరీక్షలు రాసి, వేరుశనగ కాయలొలిచే మిషన్ తెచ్చుకుంది. విత్తే ముందు ఊరివాళ్ల కాయలు ఒలిచిపెట్టాలని ఆలోచన. మొదటి మూటలోనే సగం గింజలు బద్దలయ్యాయి. బద్దలైన గింజ మొలవదు. మిషన్ వాపసు ఇచ్చేసి బ్యాంకు కోచింగ్‌లో చేరమని మా బావ అన్నాడట. "మామా, ఒకసారి వచ్చి చూడు" అని ఫోన్ చేసింది. మోటార్లు బాగుచేసేవాణ్ని కదా, బయల్దేరాను.

అనంతపురంలో ఆరున్నర బస్సెక్కితే ఎనిమిదికి ఉరవకొండ, టికెట్టు ఎనభై. అక్కణ్ణుంచి ఊరికి షేర్ ఆటో ఇరవై, నిండితేగానీ కదలదు. నేను ఎవరింటికో తెలిసి ఆటో అతను నవ్వాడు. "ఆ పాప మిషన్‌కా అన్నా? విత్తనం పోస్తే పప్పు వస్తాదంట."

జల్లెడ, బెల్టు, మోటారు అన్నీ విప్పి చూశాను. తప్పేమీ లేదు. అదే చెప్పాను. శైలజ ముఖం తిప్పుకుంది. తప్పు దొరికుంటే బాగుండేది.

అంతలో పక్కింటి నారాయణమ్మవ్వ వచ్చింది. బద్దలైన మూట ఆమెదే. తగువుకు వచ్చిందనుకున్నాం. నెత్తిమీంచి ఇంకో మూట దించింది. గోనె తడిగా ఉంది.

"ఎండు కాయలు పోస్తే పగలక ఏమైతాది పాపా? చేత్తో ఒలిచేదానికే మేము రాత్రి నీళ్లు చల్లి గోనెపట్ట కప్పుతాం. చదువుకున్నదానివి, తెలుసనుకుంటిమి."

"మళ్లా పగిలితే అవ్వా?"

"పగిలితే అన్నంలోకి ఊరుబిండి నూరుకుంటాం. నువ్వు పోయ్."

గింజలు ఎర్రగా, నిండుగా గంపలో పడ్డాయి. ఎక్కడో ఒకటీ అరా బద్ద. అవ్వ గుప్పెడు తీసుకుని నాలుగిళ్లకు చూపించడానికి పోయింది. గోడవారన నిలబడ్డ మా బావ వచ్చి, గంప పక్కకు లాగి ఇంకోటి పెట్టాడు. నేనున్నంతసేపూ వాపసు మాట ఎత్తలేదు.

మోటారు పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. తిరుగు బస్సులో గార్లదిన్నె రైతొకాయన గుర్తొచ్చాడు. ఆయన బాగుచేయమని ఇచ్చిన మొదటి మోటారు కాల్చేశాను. తర్వాతి నెల ఇంకోటి తెచ్చాడు. అది తేకపోయుంటే నాకు కొట్టు లేదు. ఆయనకు ఆ మాట ఎన్నడూ చెప్పలేదు.

కొత్తగా పని పెట్టుకున్న ఇలాంటి పిల్లల దగ్గరికి పోయేవాళ్లకు ఒక మాట: మధ్యాహ్నం దాటితే ఆటోలు తక్కువ, పొద్దున్నే పోండి. ఉత్త చేతులతో పోకండి. మీ ఇంట్లో కాయలుంటే ఒక మూట తీసుకెళ్లండి.