పలకకు నాలుగు తూట్లు

మొన్న శుక్రవారం నమాజు వేళకు దుకాణం షట్టర్ దించి గదికి వచ్చి, పొయ్యి మీద అన్నం పెట్టాను. ఊరి నుంచి ఫోన్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. కాక కూతురు. "అన్నా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగి కూసున్నడు, గంతే. నీకు చెప్పాలె గదా అని..." అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ విన్నాను. మూడోసారి వింటుంటే అన్నం మాడిన వాసన వచ్చింది.

కాక నాకు చుట్టమేమీ కాదు. ఇద్దరిదీ జగిత్యాల వైపే, అంతే. సౌదీలోని హాయిల్‌లో సనాయియా అని వర్క్‌షాపులన్నీ ఒక్కచోట ఉండే పేట ఉంది. అక్కడ సోఫాలకూ కారు సీట్లకూ కొత్త స్పంజి, కొత్త బట్ట వేసే తంజీద్ దుకాణంలో ఆయన మేస్త్రి. ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఏళ్ళ తరబడి ఒకే గదిలో పడుకున్నాం, ఒకే కుక్కర్‌లో వండుకున్నాం. కుక్కర్ ఎవరు కడగాలన్న దాని మీద వారానికి రెండుసార్లు మాటలు మానేసుకున్నాం.

పోయినవాళ్ళ గురించి రాస్తే, దేనికీ వెరవని మనిషని రాయడం మర్యాద. కాక గురించి అలా రాస్తే పైనుంచి ఆయనే నవ్వుతాడు. నేను చూసినవాళ్ళలో ఆయనంత భయస్తుడు ఇంకొకడు లేడు. చొక్కా లోపల ఎడమవైపు సొంతంగా ఒక జేబు కుట్టుకుని, దానికి రెండు గుండీలు పెట్టుకుని, అందులో అకామా కార్డును, అంటే ఆ దేశంలో ఉండి పని చేసుకునే అనుమతిని, ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచుకునేవాడు. బయట ఏ కారు ఆగినా ఆయన కుడిచెయ్యి ఛాతీ మీదికి పోయేది. కార్డు ఉందా లేదా అని తడుముకోవడం. వచ్చిన కొత్తలో నేను ఆయనకు గుండె జబ్బు ఉందనుకున్నాను. కుట్టుమిషను కూడా ద్వారం వైపు తిప్పి పెట్టుకున్నాడు. దానివల్ల వెలుతురు పని మీద పడేది కాదు, కళ్ళు పాడయ్యాయి, అయినా తిప్పలేదు.

"నీ కార్డు సాఫ్‌గ ఉన్నది గదా కాకా, గింత భయమెందుకు?" అని అడిగాను ఒకసారి.

"నీది లేదు గదరా" అన్నాడు.

నిజమే. నా కార్డు హాయిల్ బయట ఒక పుచ్చకాయల తోట యజమాని పేరు మీద ఉండేది. తోటలో పని లేదు, జీతం లేదు. వెళ్ళి ఎక్కడైనా పని చేసుకోమని ఆయనే పంపేశాడు. అట్లా వచ్చి కాక దగ్గర పడ్డాను. అప్పట్లో అందరూ అట్లానే చేసేవాళ్ళు. తర్వాత నితాఖత్ అనే కొత్త చట్టం వచ్చింది. సౌదీలను పనిలో పెట్టుకున్న లెక్కను బట్టి దుకాణాలను రంగుల వారీగా విడగొట్టారు. పచ్చలో ఉన్న దుకాణమే బయటి మనిషిని తన పేరు మీదికి మార్చుకోవచ్చు. ఎవరి పేరు కార్డు మీద ఉంటే వాళ్ళ దగ్గరే పని చేయాలి. గడువు ఇచ్చారు, గడువు అయిపోయింది. మా దుకాణం కఫీల్, అంటే మా కార్డులకు పూచీ ఉండే సౌదీ యజమాని, తన మేనల్లుణ్ణి పనిలో పెట్టుకుని పచ్చలోకి వచ్చి, నా మార్పిడికి కాగితాలు పెట్టాడు. అవి ఇంకా తేలలేదు. తేలేలోపు దొరికితే వేలిముద్ర తీసుకుని పంపేస్తారు, మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. ఊళ్ళో రెడీమేడ్ బట్టలు వచ్చి నా కుట్టుమిషను మీద అప్పటికే దుమ్ము పేరుకుంది. తిరిగి వెళ్ళి చేసేది ఏమీ లేదు.

ఆ రోజుల్లోనే ఒక చిన్న కారవాన్ మా పెరట్లోకి వచ్చింది. చలికాలం వస్తే హాయిల్ వాళ్ళు ఇసుకలోకి వెళ్ళి రోజుల తరబడి అక్కడే ఉంటారు. అందుకోసం కారు వెనక కట్టుకుని లాక్కుపోయే బండి అది. లోపల ఎదురెదురుగా రెండు బల్లలు, మధ్యలో మడతబల్ల. పగలు కూర్చునేదీ అక్కడే, రాత్రి పడుకునేదీ అక్కడే. వాటి మీది స్పంజి పరుపులు అణిగిపోయి, కింద నల్లమచ్చలు పడి, ముక్కిపోయిన వాసన వేస్తున్నాయి.

"బండి ఎవలదో ఎరుకేనా?" అన్నాడు కాక. చెయ్యి ఛాతీ మీదే ఉంది. "తనిఖీ ఆఫీసుల పనిచేసేటాయనది. మెడల కార్డు ఏసుకొని వచ్చిండు. మంచోడే. ఖర్జూరాలు పెట్టవోయిండు, నాకు షుగరని వద్దన్న."

చేతిలో కత్తి కింద పెట్టాను. "ఒప్పుకున్నవా? వద్దనకపోతివి?"

"వద్దంటే ఎందుకొద్దని అడుగుతడు గదరా."

దొరికిపోతానేమో అని ఏ మనుషులకు భయపడి నేను వెనకగదిలో దాక్కుని పనిచేస్తున్నానో, వాళ్ళలో ఒకడి పరుపులే నేను కుట్టాలి. మొదటి రోజే ఆ కంగారులో తప్పు చేశాను. పాత పరుపును కొత్త స్పంజి మీద పెట్టి, దాని చుట్టూ గీత గీసి కోసేశాను. బల్ల పై పలక మీద పెట్టి చూస్తే రెండు వేళ్ళు తక్కువ. కాక తిట్టలేదు. "పాతదాని మీద కొలత తియ్యకురా. అది కూసున్నోళ్ళ బరువుకు కుదించుకపోయింది. పలక మీద తియ్యి, పైకెళ్ళి అరంగుళం ఎక్వ కొయ్యి" అన్నాడు. పాడైన ముక్కను పారేయకుండా బల్ల కింది పెట్టెలో పడేశాడు. ఆ బల్లలు నిజానికి పెట్టెలే. పై పలక ఎత్తితే లోపల సామాను పెట్టుకునే చోటు.

తర్వాత డ్రిల్లింగ్ మిషను తెచ్చి, రెండు పెట్టెల ముందు పలకలకు తలా నాలుగు తూట్లు కొట్టాడు. రూపాయి బిళ్ళంత తూట్లు. ఆ పని మాకు ఎవరూ చెప్పలేదు.

"గీ తూట్లెందుకు కాకా?"

"బయట చలి, లోపల ఇంటిమంది ఊపిరి. తడంత పరుపు కిందికి దిగుతది. స్పంజి కూసుంటె పాడుగాలే, గాలి లేక పాడైంది. పెట్టెల గాలి ఆడాలె."

ఎవరూ అడగని పనులన్నీ ఈయనకే కావాలని నవ్వుకున్నాను. ఆయన పద్ధతులు ఇంకా ఉండేవి. కొత్త సీటును చేత్తో నొక్కి చూడాలి తప్ప, దాని మీద మేం కూర్చోకూడదు. మొదట కూర్చునేది సొంతదారే. ఎంత నడుము నొప్పి ఉన్నా కాక ఒక్కనాడు కూడా సొంతదారు ముందు కూర్చోవడం నేను చూడలేదు, ఆ రోజు తప్ప.

ఆ రోజు పొద్దున పది గంటలు. ఒక పక్క పరుపులు అయిపోయాయి, రెండో పక్కవి సరిచేస్తున్నాను. కాక రెండు గ్లాసుల చాయ్ తెచ్చి మడతబల్ల మీద పెట్టాడు. నా గ్లాసులో మూడు చెంచాల చక్కెర, ఆయనదాంట్లో ఏమీ లేదు. ఇంకా నోట పెట్టలేదు, వీధి చివర షట్టర్ దిగిన చప్పుడు. తర్వాత ఇంకొకటి. ఆ చప్పుడు దుకాణం తర్వాత దుకాణంగా మా వైపే వస్తోంది. పక్క దుకాణం పాకిస్తానీ వెల్డర్ గోడ మీంచి "గాడీ ఆ గయీ!" అని, అంటే తనిఖీ బండి వచ్చిందని, అరిచి మాయమయ్యాడు.

మా పెరటికి ఉన్నది ఒకటే గేటు, వీధిలోకి.  కాక పరుపు లేపి, పలక ఎత్తాడు.

"దూరు."

"కాకా, గిది ఆయన బండే గదా!"

"ఆయన బండి ఆయనెందుకు దేవులాడుకుంటడురా. దూరు!"

నేను కోసి పాడుచేసిన స్పంజి ముక్క మీద ముడుచుకుని పడుకున్నాను. పలక దిగింది, దాని మీద పరుపు పడింది. చీకటి. స్పంజి అతికించే సొల్యూషన్ వాసనకు కళ్ళలో నీళ్ళు. ముఖం ఎదురుగా నాలుగు తూట్ల వెలుతురు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. దగ్గు వస్తే ఏం చేయాలి? అమ్మ గుర్తొచ్చింది. దేవుడికి ఏమేమో మొక్కుకున్నాను. ఇప్పటికీ అందులో సగం తీర్చలేదు.

గేటు చప్పుడు, సలాం. అడుగులు దగ్గరయ్యాయి. మనిషి ఎక్కిన బరువుకు బండి ఒక పక్కకు ఒరిగింది. తూటులోంచి తోలు చెప్పులు, అరబ్బులు వేసుకునే తెల్లటి పొడుగు తోబు అంచు కనిపించాయి. ఎదురుగా ఉన్న పరుపును నొక్కుతూ "జైన్, జైన్" అని, బాగుందని మెచ్చుకున్నాడు బండి సొంతదారు. ఆ చెప్పులు నా వైపు తిరిగాయి. ఇక్కడ కూర్చుని చూస్తానంటూ పరుపు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు కాక కూర్చున్నాడు. సొంతదారు నిలబడి ఉండగా, కొత్త సీటు మీద, నా మీద, ధబాలున కూర్చున్నాడు. సొల్యూషన్ ఇంకా ఆరలేదనీ, బరువు పెట్టాలనీ, అటువైపు కూర్చోమనీ వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు. సొంతదారు ఎదురు బల్ల మీద కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన చూపు నేరుగా తూట్ల మీదే. కాక రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చాడు. మూడు తూట్లు మూసుకుపోయాయి. ఒక్కటి వదిలాడు, నా ఊపిరికి.

ఆ కాళ్ళు వణుకుతున్నాయి. మడమలు, ప్యాంటు అంచు, అన్నీ. నా తల మీద పలక కూడా వణుకుతోంది. ఆయన భయం నా ఒంటికి తగులుతోంది. అయినా ఆ కాళ్ళు అక్కణ్ణించి జరగలేదు.

"కమ్ నఫర్ హినా?" ఇక్కడ ఎంతమంది మనుషులని.

"వాహిద్. నేనొక్కణ్ణే."

మడతబల్లను గోటితో తట్టిన చప్పుడు. "చాయ్‌లు రెండున్నాయే."

"రెండూ నావే" అన్నాడు కాక. గ్లాసు ఎత్తిన చప్పుడు, గుటకలు. పెట్టిన చప్పుడు. రెండో గ్లాసు ఎత్తిన చప్పుడు. ఖర్జూరం ముక్క కూడా ముట్టని మనిషి నా మూడు చెంచాల చక్కెర చివరి దాకా తాగాడు.

సొంతదారుకు తెలిసిందో లేదో ఈ రోజుకీ నేను చెప్పలేను. లేచి, పని బాగుందన్నాడు, సాయంత్రం వచ్చి బండి తీసుకుపోతానన్నాడు. బండి సమంగా నిలిచింది. గేటు మూసుకుంది.

కాసేపు ఆగి కింది నుంచి పలక తట్టాను. "కాకా, పోయిండా?"

"పోయిండు."

"మరి లే."

"ఆగురా. కాళ్ళు లేస్తలేవు."

ఆయనకు కాళ్ళు వచ్చేదాకా ఇంకో పావుగంట నేను ఆ పెట్టెలోనే ఉన్నాను. పైన ఆయన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను.

పద్దెనిమిది రోజులకు దుకాణం పేరు మీద నా కార్డు వచ్చింది. కాక నా మూడు చొక్కాలూ లాక్కుని లోపల జేబులు కుట్టాడు, రెండేసి గుండీలతో.

తర్వాత కొన్నేళ్ళకు బయటి దేశాల పనివాళ్ళ మీద తలకింత అని లెవీ, అంటే పన్ను, వచ్చింది. ఒక్కొక్కటే షట్టర్లు పడ్డాయి, ఈసారి మళ్ళీ లేవలేదు. ఒక మనిషినే ఉంచుకోగలనని కఫీల్ చెప్పాడు. పని బాగా తెలిసింది కాకకే, ఉండాల్సింది ఆయనే. ఆ మాటే అన్నాను. "నువ్వుండు. నేను భయపడి భయపడి అలిసిపోయిన. ఇంటికాడ నన్ను కార్డు ఎవడడుగుతడు?" అని, ఇక తిరిగి రానవసరం లేకుండా పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించుకున్నాడు. పోయేనాడు విమానాశ్రయం లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి చూశాడు. చెయ్యి ఛాతీ మీదే ఉంది.

ఇంటికి పోయినా ఆ అలవాటు పోలేదట. వాకిట్లో ఎవరి బండి ఆగినా చెయ్యి ఛాతీ మీదికి పోతుందనీ, కార్డు లేని జేబునే తడుముకుంటాడనీ కాక భార్య, చిన్నమ్మ, ఫోన్‌లో చెప్పేది. అప్పుడు నవ్వాను. ఒకసారి అడిగాను కూడా: "నిజం చెప్పు కాకా, ఆ తూట్లు నన్ను దాచెటందుకే కొట్టినవా?"

"గాలి కోసమే కొట్టినరా. నీకు మస్తు కతలు. నాకు గంత తెలివుంటె హాయిల్‌ల గన్నేండ్లు ఎందుకుంట?"

కబురు వచ్చిన మర్నాడు దుకాణం తెరిచాను. పెరట్లో ఒక కారవాన్ ఉంది, పరుపులు మార్చాలి. నా కార్డు గడువు వచ్చే నెలతో అయిపోతుంది, కఫీల్ వారం నుంచి ఫోన్ ఎత్తడం లేదు. భయంగా ఉంది. ఇన్నాళ్ళూ ఎంత భయమేసినా ఫోన్ చేస్తే నాకంటే ఎక్కువ భయపడే మనిషి ఒకడు ఉండేవాడు. అదే నా ధైర్యమని ఇప్పుడు తెలుస్తోంది.

పలక మీద కొలత తీసి, అరంగుళం ఎక్కువ కోశాను. ముందు పలకకు నాలుగు తూట్లు కొట్టాను. ఎందుకని సొంతదారు అడిగితే, గాలి కోసమన్నాను. ఆయన వెళ్ళాక పరుపు వేసి, చేత్తో నొక్కి చూసి, ఎప్పుడూ చేయని పని చేశాను. ఎవరూ కూర్చోని ఆ సీటు మీద కూర్చున్నాను.

గేటు బయట కారు ఆగింది. నా చెయ్యి ఛాతీ మీదికి పోయింది. పెట్టె ఖాళీయేనని తెలిసి కూడా కాళ్ళు దగ్గరికి చేర్చి మూడు తూట్లు మూశాను. ఒక్కటి వదిలాను.