మూడో మైకు

ఈ రోజు నందిగామ కాలేజీలో, రెండు దేశాలు ఆయుధాల మీద పెట్టే ఖర్చుని సమీకరణాలతో చూపించాను. ఒకరు పెంచితే భయపడి రెండోవారూ పెంచుతారు. చివరికి ఇద్దరికీ ఖర్చే తప్ప ధైర్యం పెరగదు.

వీరులపాడు నుంచి వచ్చే ఒకమ్మాయి లేచింది. "అడవి పందుల్ని బెదరగొట్టడానికి పక్క చేనోళ్ళు అరుపుల మైకు పెట్టారు సార్. అవన్నీ మా మొక్కజొన్నలోకొచ్చాయి. మేం రెండు పెట్టాం. ఇప్పుడు వాళ్ళు మూడు పెట్టారండి. ఇదెక్కడ ఆగుద్దండి?"

"ఇద్దరూ ఒకేసారి తగ్గించుకుంటే."

"అయితే తగ్గించండి సార్. పక్క చేను మీదేగా!"

క్లాసంతా నవ్వింది. సాయంత్రం ఒక మైకు తీసేద్దామనే చేనుకెళ్ళాను. గట్టు అవతల ఆ అమ్మాయి నాన్న మూడోది కట్టేసి నాలుగోది కడుతున్నారు.

నా మూడింటికీ సౌండు పెంచి వచ్చేశాను. మీరైతే ఏం చేసేవారు?