చివరి బెంచీలో కూర్చుని విన్నది

గెలిచిన రోజును తలుచుకుని మీరెప్పుడైనా తల దించుకున్నారా?

నేను దించుకుంటున్నాను. ఏళ్లుగా మోస్తున్న బరువిది. బరువంటే అదీ అబద్ధమేనేమో. చాలాకాలం దాన్ని పూలదండలా మెడలో వేసుకునే తిరిగాను.

ఊరూరా తిరిగి బాబాల మోసాలు విప్పి చూపడం నా పని. భక్తుల వరసలో బాబా తన మనిషినొకణ్ని కూర్చోబెడతాడు. వాడు పక్కవాళ్ల కష్టాలు మాటల్లో రాబట్టి లోపలికి చేరవేస్తాడు. బాబా కళ్లు మూసుకుని "నీ కోడలు అలిగి పోయింది కదా" అంటాడు. జనం కాళ్ల మీద పడతారు. ఈ కిటుకు ఎన్ని వేదికల మీద చెప్పానో.

ఆ రోజుల్లోనే సంగారెడ్డిలో లా చదివే ఇద్దరు పిల్లలు వేదిక మీద నా వాదన విని వచ్చి అడిగితే, వాళ్లకు మూట్ కోర్టు పోటీ కోసం తర్ఫీదు ఇచ్చాను. కల్పించిన కేసును నిజం కోర్టులో లాగే జడ్జీల ముందు వాదించాలి. స్వప్నది కొండాపూర్ వైపు పల్లె. కిరణ్ వాళ్లు ఫ్యాక్టరీ ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పటాన్‌చెరులో టిఫిన్ సెంటర్ పైగదిలో నేను నల్లదుప్పటి కప్పుకుని జడ్జినయ్యేవాణ్ని. కింద లారీల హారన్లు, పైన నా అడ్డుప్రశ్నలు.

"'ఏంది సార్' అన్నావంటే జడ్జిగారు బయటికి పంపేస్తారు," అనేవాడు కిరణ్.

"నువ్వు మాటకోపారి అండీ అండీ అనుకుంట పోతే ఆయన నిద్రవోతడు. నన్నన్న మెలకువల ఉండి పంపుతడు," అనేది స్వప్న.

నవ్వు ఆపుకోలేక ఊగుతుంటే నా దుప్పటి జారిపోయేది. అంత సంతోషంగా నేను మరే పనీ చేయలేదు. ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వుకు నాకు హక్కుందా?

ఫ్యాక్టరీ మురుగుతో చెరువు పాడైందని ఊరివాళ్లు వేసిన దావా, ఆ పోటీలో కేసు. ఫైనల్‌కు వచ్చాం. మావాళ్లది ఊరి పక్షం. అలాంటి పోటీల్లో ఒక కట్టుబాటు ఉంటుంది: ఎదుటి జట్టు వాదన ముందుగా వినకూడదు. ఫైనల్‌లో మాకు ఎదురు కాబోయేవాళ్లు పక్క హాల్లో ఇంకా సెమీఫైనల్ వాదిస్తున్నారు. జట్టు బ్యాడ్జీ తీసి జేబులో వేసుకుని, వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. పిల్లల కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. నిజమా? గెలిపించినవాడు అనిపించుకోవాలన్న ఆశ అందులో ఎంత?

అక్కడొక కుర్రాడు కంపెనీ తరఫున అంటున్నాడు: ఊరివాళ్లు ఇన్నేళ్లు ఊరుకున్నారు, దావాకు గడువు దాటింది.

భోజనాల దగ్గర జడ్జి గొంతు పెట్టి స్వప్నను అదే అడిగాను. తింటున్న పూరీ పక్కన పెట్టింది.

"కంపు నిన్నటిదే కాదు సార్, ఇయ్యాల్టిది గూడ. రోజూ కొత్తగ వదులుతుంటే గడువు గూడ రోజూ కొత్తగనే మొదలైతది గదా."

ఫైనల్‌లో అదే వాదన వచ్చింది. ఇదే జవాబు తగిలింది. జడ్జి రాయడం ఆపి తలెత్తాడు. గెలిచాం. ఎదుటి కుర్రాడు నీళ్లసీసా మూత తిప్పుతూ ఉండిపోయాడు. బస్టాండులో కిరణ్ డప్పు లేకుండానే చిందేశాడు. స్వప్న నా పక్కకు వచ్చింది.

"సార్, వాళ్లు గదే పట్టుకుంటరని మీకెట్ల ఎరుక?"

"తర్కం, తల్లీ. సరిగ్గా ఆలోచిస్తే ఎదుటివాడి బుర్రలో ఉన్నది తెలిసిపోతుంది."

"నాకు గూడ నేర్పుండ్రి సార్ గట్ల."

నేను కళ్లు మూసుకోలేదు, అంతే తేడా. బాబానూ నేనే. వరసలో కూర్చున్న మనిషినీ నేనే.

ఇప్పుడు స్వప్న సంగారెడ్డి కోర్టులో వకీలు. మొన్నొక కేసులో అవతలి వకీలు ఏం లేవదీస్తాడో ఊహించలేకపోయింది. "మీ అసొంటి బుర్ర నాకు లేదు సార్," అంది నవ్వుతూ. లేని విద్య ఒకటి ఉందని నమ్మించి, అది రానందుకు ఆ పిల్ల తనను తాను తక్కువ చేసుకుంటుంటే, విని ఊరుకున్నాను.

స్వప్నా, కింద నా పేరు లేకపోయినా ఇది ఎవరు రాశారో నువ్వు గుర్తుపడతావు. ప్రశ్న దొంగసొత్తు. జవాబు మాత్రం నీదే, ఇసుమంత కూడా నాది కాదు. క్షమించమని అడగను. కానీ ఈ మాట రాశాక ఒళ్లు ఎంత తేలికైందంటే, ఈ వయసులో ఈల వేయాలనిపిస్తోంది.

చదువుతున్న మీరు ఊరికే లేచి వెళ్లకండి. మీ ఇంట్లో, మీ కాలేజీలో ఏ పిల్లయినా తనకు బుర్ర లేదంటే, ఆమె ఎవరిని చూసి అలా అనుకుంటోందో ఆ పెద్దమనిషి దగ్గరకు వెళ్లండి. ఆ ఘనకార్యం ఎలా చేశాడో అందరి ముందూ మళ్లీ చేసి చూపించమనండి.