అమ్మమ్మ సమాధికి రాయి

ఏటా సమాధుల పండుగకి పాలకొల్లు బజారులో ఒక్క బంతిపూల దండే బేరమాడి తెచ్చేదాన్ని, ఈసారి రెండు తెచ్చాను. రెండోది మా అమ్మకి.

మా అమ్మకి వాళ్ళమ్మ మొహం తెలియదు. పాలు తాగే వయసులోనే తల్లి పోతే, పెద్దమ్మే పెంచి పెద్ద చేసింది. ఫోటో లేదు, చీర ముక్కైనా లేదు, ఆవిడకి తల్లి అంటే సమాధుల తోటలో గోడ వారనున్న ఒక మట్టి దిబ్బే. పండుగ వస్తోందంటే మమ్మల్ని వెంటేసుకుని వెళ్ళి, కలుపు పీకి, సున్నం వేసి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించి, ఇంటి సంగతులన్నీ ఆ దిబ్బకి చెప్పుకుంటూ కూర్చునేది. మేము ఆకలేసి గోల పెట్టినా లేచేది కాదు, మహా మొండిది.

పోయినేడు మంచాన పడ్డాక ఒకటే కోరిక పట్టుకుంది, వాళ్ళమ్మకి పేరు చెక్కిన రాయి వేయించాలని, తనని ఆ పక్కనే పెట్టాలని. చెక్కడానికి తేదీలు కావాలి కదా అని చర్చికి వెళ్ళి అడిగితే, పాపం అయ్యగారు చెదలు పట్టిన భూస్థాపనల రిజిస్టర్లు ఓపిగ్గా తిరగేశారు. అమ్మమ్మ పేరు దొరికింది. వరదల్లో ఇక్కడికి తెచ్చే దారి లేక, ఆవిడని పుట్టింటి ఊరి కాలువ గట్టునే పాతిపెట్టారని పక్కనే రాసి ఉంది. ఆ గట్టు ఎప్పుడో రోడ్డులో కలిసిపోయింది. మేము ఇన్నేళ్ళూ సున్నం వేసిన దిబ్బ ఎవరిదో అయ్యగారికీ తెలియలేదు.

దాచేద్దామనుకున్నాను గానీ, నా మొహం చూసి అమ్మే పట్టేసింది. రిజిస్టర్లో ఉన్నది చెప్పేశాను. తర్వాత నెమ్మదిగా చెప్పింది, చిన్నప్పుడు పండుగనాడు పిల్లలందరూ తమతమ వాళ్ళ దగ్గర కొవ్వొత్తులు పెడుతుంటే తనకెవరూ లేరని ఏడ్చిందట, అప్పుడు పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, ఎవరూ రాని ఆ దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళి, ఇదిగో మీ అమ్మ అని కూర్చోబెట్టిందట.

“నన్ను అక్కడే పెట్టండమ్మా. ఇన్నేళ్ళూ అమ్మా అని పిలిచి, ఇప్పుడు నువ్వు కాదంటే ఆవిడేమైపోద్ది?” అంది.

అక్కడే పెట్టాం. రాయి మా అమ్మ పేరుతో వేయించి, పక్క దిబ్బకి ఎప్పటిలాగే సున్నం వేశాను. మన ఈడు వాళ్ళకి చెబితే తెలుస్తుంది, ఇప్పుడు పోయినవాళ్ళందరికీ పేర్లూ ఫోటోలూ తేదీలూ ఉంటున్నాయి, ఎవరి దిబ్బ ఏదో తెలియకపోవడమనేది ఉండదు. అయినా దండలు వేసి వస్తుంటే దుఃఖం ఆగలేదు. నేను ఏడిస్తే చెయ్యి పట్టుకుని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళే పెద్దమ్మలెవరూ నాకు మిగల్లేదు.