ఓబులేసు చేయి, చెవుల్లేని యంత్రం

2024 జ్యేష్ఠం: ధర్మవరంలో మగ్గం దగ్గర నేను తీసిన కొలతలను ప్రయోగ బాధ్యులు పనికిరానివని పక్కన పెట్టారు. శ్రావణం: కారణమేమని ఉత్తరం రాస్తే, ఫోనులో నవ్వి ఊరుకున్నారు. కార్తీకం: చేనేత కార్మికుడు ఓబులేసును పరీక్షల నుంచి తప్పిస్తూ చీటీ పంపారు. మూడూ నా నోటుపుస్తకంలో ఉన్నాయి.

నేను ఫిజియోథెరపిస్టును. రిటైరయ్యాక అనంతపురం దగ్గర ఒక ఇంజనీరింగు కళాశాల ప్రయోగంలో చేరాను. మెదడు జబ్బుతో కదలిక దెబ్బతిన్నవారి మణికట్టుకు సెన్సర్ కట్టి కొలతలు తీస్తాం. వాటి ప్రకారం రోబో చేయి అచ్చం రోగి చేయిలాగే కదులుతుంది. ఆ కదలికలోని లోపాన్ని ఏది సరిచేస్తుందో తెలిస్తే, రోగికి తగిన మణికట్టు పట్టీ తయారుచేస్తారు.

ఓబులేసుకు పార్కిన్సన్స్ జబ్బు. చాచిన చేయి మధ్యలోనే నిలిచిపోయేది. దీన్ని ఫ్రీజింగ్ అంటారు. "ఇట్లే ఉంటే మగ్గం అమ్ముకోవాల్సిందే సార్" అన్నాడు.

అతని ఇంట్లో రెండు మగ్గాలు. భార్య లక్ష్మక్క మగ్గం చప్పుడు వినిపించినంతసేపూ అతని చేయి ఆగలేదు. ఆమె లేవగానే ఆగింది.

"ఏమే, ఆపొద్దు! నువ్వు ఆపితే నా చెయ్యి ఆగిపోతాది."

"నీ చెయ్యి కోసరం నేను నీళ్లు గూడా తాగగూడదా ఏమి?"

కొలతలతో పాటు ఇదంతా రాసుకున్నాను.

శ్రావణంలో అతన్ని ల్యాబుకు తీసుకెళ్లాను. కిటికీ అవతల ఎర్రదుమ్ములో గాలిమరలు నిద్రలో ఉన్నట్టు తిరుగుతున్నాయి. అక్కడ తీసిన అతని కొలతలతో రోబో చేయి మెల్లగా లేచి, ఏదో మరిచిపోయినట్టు గాలిలో నిలిచిపోయింది. ఓబులేసు దగ్గరికెళ్లి దాని కింద అరచేయి పట్టాడు.

"ఏమప్పా, నువ్వూ నిలబడిపోయినావా?"

కాలితో నేల మీద మగ్గం లయలో దెబ్బ వేయసాగాడు. అతని చేయి నీటిమీది ఆకులా కదిలిపోయింది. రోబో కదల్లేదు.

"పాపం, దీనికి చెవులు పెట్టల్యా సార్?"

"చప్పుడు మా మోడల్లో లేదు" అన్నాడు యువ ఇంజనీరు. ఎన్ని మార్పులు చేసినా రోబో చేయి ఆగుతూనే ఉంది గనుక, ఓబులేసుకు పట్టీ వల్ల ప్రయోజనం లేదని కార్తీకంలో తేల్చేశారు.

చేతిని కొలిచేటప్పుడు, అది ఏమి వింటూ పనిచేస్తుందో కూడా రాయాలని ఇన్నేళ్ల ఉద్యోగంలో నేర్చుకోలేదు; ఓబులేసు దగ్గరే నేర్చుకున్నాను.

కనుక ప్రయోగ బాధ్యులను అడుగుతున్నాను: మగ్గం దగ్గరి కొలతలను రోబోకు ఎందుకు ఇవ్వలేదు? ఆ లయను చేర్చి మళ్లీ ఎప్పుడు పరీక్షిస్తారు? ఓబులేసు మగ్గం అమ్మకముందే, సంతకంతో కూడిన లిఖితపూర్వక సమాధానం అతనింటికి పంపవలెను.