నర్సమ్మ తీసిన పదకొండు నిమిషాలు

మా జహీరాబాద్‌లో ప్రవీణ కెమెరా సంచి భుజాన వేసుకుని కనిపిస్తే చాలు, ఎవడో ఒకడు ఆపి అడుగుతాడు. "ఏం సినిమా తీస్తున్నవమ్మా, హీరో ఎవరు?" పదిహేనేళ్ళుగా ఇదే ప్రశ్న. ఆమె నవ్వి ఊరుకుంటుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. హీరో ఎవరేమిటి? అల్లం తవ్వి తవ్వి నడుములు వంగిపోయినవాళ్ళు, పురుడు పోసుకున్న నెలకే చెరకు మోపు నెత్తికెత్తుకున్న ఆడవాళ్ళు, వీళ్ళే ఆమె సినిమాల్లో ఉండేది. ఆ వెకిలి ప్రశ్న వేసేవాళ్ళలో సగం మంది పొలాల్లో పనిచేసేది కూడా వీళ్ళే. అయినా ఎవరో తెలియదన్నట్టు అడుగుతారు.

బస్టాండు వెనక సందులో నాకు ఫోటో స్టూడియో ఉంది. ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను. ప్రవీణ సినిమాలన్నీ నా కంప్యూటర్ మీదే తయారయ్యాయి. ఆమె గురించి చెప్పే హక్కు అందరికంటే నాకే ఎక్కువని అనుకునేవాణ్ణి. ఇప్పుడు అంత ధీమాగా అనలేను. ఎందుకో చెబుతాను.

ప్రవీణది రాయికోడ్ దగ్గర ఊరు. తండ్రి ఎంకయ్య అల్లం చేలల్లో కూలి. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు పట్నం నుంచి ఎవరో కెమెరాలతో వచ్చి, ఎంకయ్య చొక్కా విప్పించి, తవ్వించి, దగ్గించి, రెండు రోజులు సినిమా తీసుకుని పోయారు. "నీ బతుకు దేశమంతా చూస్తది" అన్నారట. దేశం సంగతి తెలియదు, ఎంకయ్య మాత్రం చూడలేదు. చచ్చిపోయేదాకా "నా సినిమా ఎప్పుడొస్తది బిడ్డా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ మాట చెప్పిన రోజు ప్రవీణ కళ్ళలో నీళ్ళు లేవు. దవడ బిగుసుకుని ఉంది. అలాంటి కోపం ఒకసారి పుడితే చల్లారదని నాకు ఆ రోజే అర్థమైంది.

డిగ్రీ చదువుతూ నా దగ్గరికి పనికోసం వచ్చింది. ఆల్బమ్‌లు అతికించే పని ఇస్తానన్నాను. "అన్నా, ఆడోళ్ళు పసుపు దంచేకాడికి నువ్వు కెమెరా పట్టుకుని పోతే వాళ్ళు కొంగు కప్పుకుంటరు. నేను పోతే పాట పాడ్తరు" అంది. నిజమే కదా అనిపించింది. కెమెరా చేతికిచ్చాను. రెండేళ్ళలో న్యాల్‌కల్ నుంచి మొగుడంపల్లి దాకా పెళ్ళివాళ్ళు "ఆ పిల్లనే పంపు" అని అడిగే స్థితి వచ్చింది. హాయిగా స్థిరపడాల్సింది. ఆమె పెళ్ళిళ్ళలో సంపాదించిందంతా తీసుకుపోయి చెరకు కోసే ఆడవాళ్ళ మీద సినిమా తీసింది.

ఆ సినిమాకు హైదరాబాద్‌లో బహుమతి ఇచ్చారు. స్టేజీ మీద శాలువా కప్పిన పెద్దమనిషి మైకులోనే అన్నాడు, "ఇంత ప్రతిభ ఉంది, ఇక అసలు సినిమా తియ్యాలమ్మా" అని. వెనక వరుసలో కూర్చున్న నేను కుర్చీ చేయి విరగ్గొట్టడం ఒక్కటే తక్కువ.

ప్రవీణకు రెండు నియమాలున్నాయి. తయారైన సినిమా అందులో ఉన్నవాళ్ళే ముందు చూడాలి, వాళ్ళ ఊళ్ళో. వాళ్ళు వద్దన్న ముక్క తీసేస్తుంది. రెండోది ఇంకా విచిత్రం. ఎవరినైనా తీయబోయే ముందు చిన్న కెమెరా వాళ్ళ చేతుల్లో పెట్టి, "ముందు నువ్వు నన్ను తియ్యి" అంటుంది. వాళ్ళు ఇక చాలన్నాకే ఆమె తీయడం మొదలుపెడుతుంది. మా నాయిన చేతికి ఎవరూ కెమెరా ఇయ్యలేదన్నా, అని ఒకసారి చెప్పింది.

మంచి మాటే. కానీ ఆ మొదటి షాట్లు చూడాల్సింది నేను కదా. ఆమె చెప్పులు, ఆకాశం, ఎవరిదో బొటనవేలు, పక్కన బర్రె తోక. అలాంటివి గంటల కొద్దీ ఉండేవి. నా హార్డ్ డిస్కులో చోటెక్కడిది? ఆమెకు చెప్పకుండా వాటిని కాపీ చేయడం మానేశాను. పదిహేనేళ్ళు అలాగే చేశాను. ఆమె ఎప్పుడూ అడగలేదు, నేను భద్రంగా దాస్తున్నానని నమ్మింది గనక.

ఇక చిన్నచెల్మ సంగతి. న్యాల్‌కల్ వైపు వెళ్ళే దారిలో చిన్న ఊరు. ఊరి పక్కన మందుల ఫ్యాక్టరీ వచ్చి ఎనిమిదేళ్ళయింది. బోరు నీళ్ళు తోడితే పైన నూనె మీగడలా తేలుతుంది. పిల్లల కాళ్ళ మీద పుండ్లు. దవాఖానలో చూపిస్తే "సబ్బు మార్చండి" అన్నారట. సబ్బు మార్చాలట. నిరుడు ఆ ఫ్యాక్టరీని రెండింతలు చేస్తామంటూ ఊళ్ళో టెంటు వేసి ప్రజాభిప్రాయ సభ పెట్టారు. అప్పటికే ప్రవీణ ఏడాదిగా ఆ ఊరి మీద సినిమా తీస్తోంది.

ఆ సినిమాకు ప్రాణం నర్సమ్మ. అరవై దాటిన మనిషి, ఎకరన్నర చేను, నోరు పెద్దది. సభకు ముందు స్టేజీ పక్కన ప్రవీణ ఆమె చేతికి చిన్న కెమెరా ఇచ్చింది. నర్సమ్మ ప్రవీణను తీసింది. తర్వాత ఆపడం తెలియక, దాన్ని ఒళ్ళో పెట్టుకుని స్టేజీ కిందే కూర్చుంది. తన వంతు వచ్చాక మైకు దగ్గరికి పోయి, "మా బోరు నీళ్ళు బర్రెలు గూడ ముడుతలేవు. ఉన్నదే వద్దంటుంటే ఇంక పెద్దగ చేస్తరా? మేము ఒప్పుకోం" అని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. ఊరంతా అదే చెప్పింది. సభ ముగియగానే మెడలో కార్డు వేసుకున్న ఒకాయన వచ్చి, అనుమతి ఏదని ప్రవీణను గద్దించి, పెద్ద కెమెరాలోని మెమరీ కార్డు లాక్కున్నాడు. నర్సమ్మ కొంగు చాటున ఉన్న చిన్న కెమెరా సంగతి వాళ్ళకు తెలియలేదు.

ఆ చిన్న కెమెరాలోని కార్డు ప్రవీణ నాకు తెచ్చి ఇచ్చింది. "అన్నా, ఇది జాగ్రత్త. రేపు రాయికోడ్‌ల పనుంది, ఎల్లుండొచ్చి చూస్త" అంది. మర్నాడు నాకు మొగుడంపల్లిలో పెళ్ళి ఉంది. ఆ హడావుడిలో కార్డు పెట్టి చూశాను. ఒకటే ఫైలు, బ్యాటరీ అయిపోయేదాకా పదకొండు నిమిషాలు. ప్రవీణ చెప్పులు, టెంటు గుడ్డ, స్టేజీ మెట్లు. తర్వాత స్టేజీ మీద ఒక అధికారి సగం మొహం, కాగితాలు పట్టుకున్న ఒక గుమాస్తా. ఆ అధికారి గుమాస్తాతో అంటున్నాడు, "అందరూ ఒప్పుకున్నరని రాయి. వీళ్ళ మాటలు ఎవరు చదువుతరు." నేను టిఫిన్ తింటూ విన్నాను. విన్నాను గానీ బుర్రకెక్కలేదు. ఎప్పటిలాంటి పనికిరాని మొదటి షాట్ అనుకున్నాను. కార్డు ఖాళీ చేసి, పెళ్ళికి తీసుకుపోయాను. ఆ పదకొండు నిమిషాల మీద ఎవరిదో తలంబ్రాల వీడియో ఎక్కించాను.

ప్రవీణ వచ్చేసరికి కార్డు ఖరాబైందని అబద్ధం చెప్పాను. అప్పటికి ఆ మాటల విలువ నాకింకా తెలియలేదు, తిట్లు తప్పించుకోవాలని చెప్పానంతే. ఆమె నన్నొక్క మాట అనలేదు. "తక్కువ రకం కార్డు కొన్న, తప్పు నాదే" అంది. నేను అవునన్నట్టు తలూపాను. ఆ తలూపడం గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

రెండు వారాలకు సభ నివేదిక బయటికొచ్చింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదట. మజ్జిగ ప్యాకెట్లు పంచుతూ రిజిస్టరులో వేయించుకున్న వేలిముద్రలన్నీ సమ్మతి సంతకాలు అయిపోయాయి. "శ్రీమతి నర్సమ్మ విస్తరణను స్వాగతించారు" అని ఒక వాక్యం. ఆ కాగితం చదువుతుంటే ఆ అధికారి గొంతు నా చెవిలో మోగింది. హైదరాబాద్‌లో పోయిన ఫైళ్ళు బయటికి తీసే దుకాణాలు మూడు తిరిగాను. మూడు చోట్లా పెళ్ళే వచ్చింది. అయినా నోరు విప్పలేదు. ఫ్యాక్టరీ వార్షికోత్సవాలు తీసేది నేనే. ఆ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి, దాచి ప్రయోజనం లేదు.

ఆ నివేదిక మీద అభ్యంతరాలు పంపడానికి ఇంకా నాలుగు రోజులే గడువు ఉందనగా ప్రవీణ సినిమా పూర్తి చేసింది. నియమం ప్రకారం ముందు చిన్నచెల్మలో చూపించాలి. ఆదివారం మధ్యాహ్నం, కమ్యూనిటీ హాలు కిటికీలకు ఎరువుల సంచులు కట్టి చీకటి చేశారు. ప్రొజెక్టర్ నాది, గోడ వాళ్ళది. జనం చేరారు. సినిమాలో పుండ్లు ఉన్నాయి, నీళ్ళు ఉన్నాయి, సభ మాత్రం లేదు. అయిపోగానే నర్సమ్మ లేచింది.

"అంత బాగానే ఉంది బిడ్డా. నేను తీసిందేది?"

"కార్డు ఖరాబైంది పెద్దమ్మ" అంది ప్రవీణ. "నా తప్పే."

అప్పుడు కూడా నేను నోరు మూసుకుని కూర్చుంటే మనిషి పుట్టుక పుట్టనట్టే. లేచి నిలబడి మొత్తం చెప్పేశాను. టిఫిన్, పెళ్ళి, అబద్ధం, అన్నీ. ప్రవీణ నా వైపు చూసింది.

"ఒక్కటేనా అన్నా? లేకుంటే నా మొదటి షాట్లన్నీ పారేసినవా?"

"అన్నీ" అన్నాను.

"చెరకు కోసేటోళ్ళయి గూడ?"

"అవి కూడా."

"పదిహేనేండ్లు" అంది ఆమె. "నేను వాళ్ళను తీసింది దాచిపెట్టినవ్, వాళ్ళు నన్ను తీసింది చెత్తల పారేసినవ్. మా నాయిన దగ్గరికి వచ్చినోళ్ళకు, నీకు ఏం ఫరక్ ఉందన్నా?" అరిచి ఉంటే బాగుండేది. మామూలు గొంతుతోనే అడిగింది.

నర్సమ్మ మాత్రం వేరే లెక్కలో ఉంది. నా ముందుకొచ్చి నిలబడింది. "తమ్మీ, ఆ సారు అన్నది నువ్వు నీ చెవులతోని విన్నవా?"

"విన్నాను. మనిషిని కూడా చూశాను."

"అయితే చెప్పు, కెమెరా ముందల. మా మాట ఎట్లాగూ రాసుకోరు. నీ మాట రాసుకుంటరు, వాళ్ళ ఫంక్షన్లు తీసేటోడివి కదా."

అది వినగానే ముందు నా కళ్ళ ముందు మెదిలింది ఆ ఫంక్షన్లే. సిగ్గు లేకుండా రాస్తున్నాను. ప్రవీణకు మొహం చూపించలేక, "సరే, తియ్యండి" అన్నాను.

ప్రవీణ కెమెరా తీసింది. నన్ను తీయలేదు. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ముందు నువ్వు నన్ను తియ్యి" అంది.

ముప్పై ఏళ్ళు కెమెరా పట్టిన చేతులు. నిలపలేకపోయాను. ఆమె చెప్పులు వచ్చాయి, ఎరువుల సంచి వచ్చింది, తర్వాత మొహం. ఆ కళ్ళలో నా మీద కోపం ఇంతంత కాదు. చూపు తిప్పుకోకుండా నిలబడింది. నేను చాలనేదాకా నిలబడింది. తర్వాత కెమెరా తీసుకుపోయి నర్సమ్మ చేతికి ఇచ్చింది.

"పేరు చెప్పు తమ్మీ" అంది నర్సమ్మ.

"నా పేరు చందర్. జహీరాబాద్‌లో ఫోటో స్టూడియో ఉంది" అని మొదలుపెట్టి, ఆ అధికారి అన్న మాట అన్నట్టుగా చెప్పాను.

సోమవారం ఊరివాళ్ళు అభ్యంతరాలతో పాటు నర్సమ్మ తీసిన ఆ వీడియోను కూడా పంపారు. ఫ్యాక్టరీ వాళ్ళు ఈ ఏడు వార్షికోత్సవానికి నన్ను పిలవలేదు. ప్రవీణ కొత్త సినిమా ఎడిటింగ్‌కు ఇంకా నా దగ్గరికి రాలేదు, వస్తుందో లేదో తెలియదు. ఆ రోజు నేను తీసిన మొదటి షాట్ మాత్రం మూడు డిస్కుల్లో దాచాను.